రెండు సుడులు

గుండు ఇంకో గంటలో వస్తానన్నాడు. మీరేం శ్రమపడకండి ఆంటీ, వైర్లన్నీ నేనే పీకుతాను, అన్నాడు ఫోన్లో, ఇంటికొచ్చి పన్ను పీకే డాక్టరులా మెత్తగా. అసలు పేరేమిటో నాకు తెలియదు. మా అమ్మాయి పనిచేసిన కంపెనీలో, కంప్యూటర్ ఆటల్లో తిరిగే మనుషులకు జుట్టు చేసే విభాగం ఒకటుంది. దానికి అతను పెద్ద. అతని తలమీద ఒక్క వెంట్రుక లేదు కాబట్టి విభాగమంతా అతన్ని ముఖం మీదే గుండు అంటుంది. లేనివాడికే దాని విలువ తెలుస్తుందమ్మా, ఒక్క వెంట్రుక అడ్డంగా లేచినా ఆయనకి నిద్రపట్టదు, అనేది మా అమ్మాయి. ఇంట్లో కూర్చుని పనిచేసుకోమని కంపెనీ తనకిచ్చిన ఈ పెట్టెని వెనక్కి తీసుకువెళ్ళి, తుడిచేసి, ఇంకొకరికి ఇస్తారట. తుడవడం అంటే గుడ్డతో కాదని నాకు తెలుసు. వచ్చాక ఒక మాట అడగాలి బాబూ, అన్నాను. అలాగే ఆంటీ, అన్నాడు. ఆ మాటని పొద్దుటినుంచి సరిచేసుకుంటున్నాను. ఇన్నేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, ఎవరినీ ఏదీ అడగకుండా నెట్టుకొచ్చిన దాన్ని, ఒక కుర్రవాణ్ణి బతిమాలే వాక్యం ఎంత పొడుగుండాలో తెలియడం లేదు. పొడుగైతే మధ్యలో ఏడుపు వస్తుంది. పొట్టిదైతే ఆజ్ఞలా ఉంటుంది. ఈ కంప్యూటర్ ఇక్కడే ఉండనివ్వు బాబూ. అంతే. ఏడుపు అందుకునేలోపు అయిపోయే వాక్యం.

తెరమీద ఆటలోని పిల్ల నాకు వీపు చూపించి నిలబడి ఉంది. ఆట అలాంటిది, ఆడేవాళ్ళు ఆమె వెనకే నడవాలి, ఆమె కొండెక్కితే కొండ, వాగు దాటితే వాగు, లోకమంతా ఆమె ముఖం కన్నా తల వెనకభాగాన్నే ఎక్కువ చూస్తుంది. ఈ ఆట కొన్నవాడు గంటల తరబడి చూసేది నేను చేసిన పనినేనమ్మా, మొహం చేసినవాళ్ళు కుళ్ళిపోతున్నారు, అంది మా అమ్మాయి ఒకసారి భోజనం చేస్తూ. నాకు ఆడటం రాదు. విల్లు ఎలా ఎక్కుపెట్టాలో తెలియదు. ముందుకి నడిపించే మీట ఒక్కటే తెలుసు. గడ్డిమైదానం, దాని చివర వాగు, వాగు అవతల తోడేళ్ళు. దాటితే తోడేళ్ళు మీదపడి చంపేస్తాయి, అప్పుడు జుట్టు బురదలో పరుచుకుంటుంది, తడిసి బరువెక్కి పాయలు పాయలుగా చెంపకి అంటుకుంటుంది, ఆ తడి జుట్టు ఒక్కదానికే మా అమ్మాయికి ఒక చలికాలమంతా పట్టింది. మొదట్లో తెలియక దాన్ని రోజూ చంపాను. ఇప్పుడు వాగుకి ఇవతలే ఆపుతాను. మౌస్ ముట్టుకోను. ముట్టుకుంటే దృశ్యం గిర్రున తిరిగి ఆ పిల్ల ముఖం ముందుకొస్తుంది, కంపెనీవాళ్ళు డబ్బులిచ్చి తెచ్చుకున్న ఎవరో అమ్మాయి ముఖం, బాగానే ఉంటుంది, నాకు దాంతో పనిలేదు. నాకు కావలసింది నడినెత్తికి కాస్త కిందుగా పక్కపక్కనే ఉన్న రెండు సుడులు. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి తిరుగుతాయి, రెంటి మధ్య జుట్టు ఎటు పోవాలో తేలక కొంచెం నిక్కుతుంది, గాలి వీచినప్పుడు అదే ముందు కదులుతుంది. అది మా అమ్మాయి తల. చూసిన మొదటి క్షణమే గుర్తుపట్టాను. నాకంటే ముందు నా వేళ్ళు గుర్తుపట్టాయి, దువ్వెన అక్కడ ఆగడం, నీళ్ళద్ది అణచినా మళ్ళీ లేవడం, వేళ్ళకి అన్నీ తెలుసు.

ఆ ఉద్యోగంలో చేరిన కొత్తలో అడిగాను, జుట్టు చెయ్యడమంటే ఏమిటి, అదేమన్నా పనా అని. పాత ఆటల్లో జుట్టంటే అట్టముక్కలమ్మా, అంది. కాగితం మీద వెంట్రుకలు గీసి తలకి అతికించేవాళ్ళు, మనిషి పరిగెడుతున్నా జుట్టు టోపీలా కదలకుండా ఉండేది. ఇప్పుడు ఒక్కో వెంట్రుకా విడిగా ఉండాలి, గాలికి లేవాలి, భుజం తగిలితే ఆగాలి, వెనకనుంచి ఎండ పడితే అంచులు ఎర్రబడాలి. లక్ష వెంట్రుకల్ని నడిపించలేం కదా, అందుకని కొన్ని వందల్ని మాత్రం నడిపిస్తాం, మిగతావి తమ పక్కదాన్ని చూసి నడుస్తాయి. క్లాసు లీడర్లన్నమాట, అన్నాను. నవ్వింది. నన్ను నవ్వించాలని అది ప్రయత్నించేది గానీ, నేను దాన్ని నవ్వించడం అరుదు కాబట్టి గుర్తుంది. ఇంకోసారి, గుండ్రటి తలమీద ఎంత శుభ్రంగా దువ్వినా ఎక్కడో ఒకచోట సుడి పడి తీరుతుందట కదమ్మా, లెక్కే ఒప్పుకోదట, నిజమేనా, అని అడిగింది. నిజమే, అన్నాను. ఎందుకో చెప్పు, అంది. పేపర్లు దిద్దుతున్నాను, తరవాత చెబుతానన్నాను. పెట్టె హోరుమంటోంది. జుట్టు పూర్తిగా లేచి ఆడుతున్నప్పుడు లోపల ఫ్యాను పిచ్చెక్కినట్టు తిరుగుతుంది, రోడ్డు రోలరు అంటారు మావారు పక్కగదిలోంచి. చెయ్యి పెడితే పెట్టె పైరేకు వెచ్చగా ఉంటుంది. ఒంటికి జ్వరం వచ్చినంత.

ఆస్పత్రిలో మా అమ్మాయి నుదురు చల్లగానే ఉంది. ఆఫీసులో కుర్చీలోంచి లేస్తూ తల పట్టుకుని పడిపోయిందట, లోపల నరం చిట్లిందన్నారు, వెంటనే తెరవాలన్నారు. నేను సంతకాలు చేస్తున్నాను, ఎక్కడెక్కడ పెట్టాలో ఒకామె వేలితో చూపిస్తోంది, ఇంతలో వార్డుబాయ్ వచ్చాడు, ఒక చేతిలో కత్తెర, ఇంకో చేతిలో నల్లటి చెత్త కవరు. అమ్మా, జడ పొడుగ్గా ఉంది, ఉంచుకుంటారా, పారెయ్యమంటారా, అన్నాడు. విసుగ్గా ఏమీ అనలేదు, టీలో చక్కెర వెయ్యమంటారా అన్నట్టు అడిగాడు. నేను సంతకం మధ్యలో ఉన్నాను. పారెయ్యి బాబూ, అన్నాను, తల ఎత్తకుండా. ఆ తరవాత చూసినదంతా కట్టు. కట్టు విప్పకుండానే శ్మశానానికి తీసుకువెళ్ళారు. చాలా రోజులకు గుండు ఇంటికొచ్చి, ఇదిగో ఆంటీ, తను చేసింది ఇదే, అని ఈ ఆట తెరిచి చూపించినప్పుడు ఆ రెండు సుడులు నావైపు ఉన్నాయి. పారేయించింది తిరిగొచ్చింది అనుకున్నాను. నేను అలాంటివి అనుకునే మనిషిని కాను.

ఆట ఆడినవాళ్ళు రాసేవన్నీ చదివాను. మా స్కూల్లో కంప్యూటర్లు చెప్పే టీచరు ఎక్కడ చూడాలో చూపించింది, చదవకండి మేడం అని కూడా అంది. మొదటి సలహా అందరిదీ ఒకటే: జుట్టు ఆపెయ్యండి. ఆ జుట్టు ఆన్‌లో ఉంటే కంప్యూటర్ ముక్కుతోంది, ఆపేస్తే గుర్రంలా పరిగెడుతోంది. ఏళ్ళ తరబడి చేసినదాన్ని ఆపడానికి ఒక్క నొక్కుడు చాలు. ఆపనివాళ్ళు ఇంకా ఘోరం. ఆ నెత్తేంటి, వెనకనుంచి ఎలక కొరికినట్టు, అని ఒకడు. రెండు సుడులంట, దీనికి రెండు పెళ్ళిళ్ళు చెయ్యాల్సిందే, ముందు తోడేలుతో, అని ఇంకొకడు. ఎడమ సుడి పక్కన గింజంత ఖాళీ ఉంది, అక్కడ జుట్టు మొలవదు, దానికి ఎర్రగా గుండ్రం గీసి, జుట్టు చేసినోడెవడోగానీ వాడి చేతులు విరగ, అని రాశాడు మరొకడు, కింద నవ్వులే నవ్వులు. ఆ ఖాళీ చిన్నప్పుడు ఉయ్యాల పీట తగిలిన చోటై ఉంటుంది. ఆ రాతల్లో తప్పులు దిద్దుతూ చదివాను, చేతులు ఏదో ఒకటి చెయ్యాలి కదా. వాళ్ళలో ఒక్కణ్ణయినా బెంచీ ఎక్కించాలనిపించింది, చెవి పట్టుకుని తిప్పి, చర్మం ఊడొచ్చేదాకా తిప్పాలనిపించింది. చివరికి కంపెనీ దిగొచ్చింది. కొత్త మార్పులు వచ్చాయి, అందరి కంప్యూటర్లలోకీ వాటంతటవే దిగాయి, ఆ పిల్లకి ఇప్పుడు ఒక్కటే సుడి, ఖాళీ లేదు, జుట్టు నూనె రాసి దువ్వినట్టుంది, అందరూ మెచ్చుకున్నారు. మార్పులు వస్తున్నాయని ముందే చదివి, అవి దిగకముందే మావారితో గోడలోంచి నెట్ వైరు పీకించాను. కాబట్టి ఆ తల ఇప్పుడు ఈ ఒక్క పెట్టెలోనే ఉంది. ఇంకో అరగంట ఉంటుందేమో.

మావారు ఆ రోజు వైరు చేతిలో పట్టుకుని తెర వంక చాలాసేపు చూశారు. ఆయనకి పటాలకు చట్రాలు బిగించే దుకాణం ఉంది, దేన్నయినా వంకర ఉందా లేదా అని ఒక కన్ను మూసి చూడటం అలవాటు. మన దానికి ఒక్కటే సుడి కదా, అన్నారు మెల్లిగా. మీరెప్పుడు చూశారు, అన్నాను. ఆయన వైరు చేతికి చుట్టుకున్నారు. జడలు వేసింది మీరా నేనా, అన్నాను. నువ్వే, అన్నారు. మరి, అన్నాను. ఇంకో మాటేదో చెప్పబోయారు, నేను ముందుకి నడిపే మీట నొక్కాను, రోడ్డు రోలరు మొదలైంది, ఆయన వెళ్ళిపోయారు. ఊళ్ళో పోయినవాళ్ళందరి ఫొటోలకీ చట్రాలు కట్టే మనిషి, కన్నకూతురి ఫొటో ఒకటి ఏరుకోలేక ఇప్పటికీ సొరుగు తెరవడం, మూయడం. అలాంటి మనిషికి ఆ తల గురించి నాకు చెప్పే హక్కు లేదనుకున్నాను. పెళ్ళయిన కొత్తలో ఆయనకి ఒక వేళాకోళం ఉండేది, పక్కకి తిరిగి పడుకుంటే వెనకనుంచి, నీకింకో పెళ్ళి రాసిపెట్టి ఉందోయ్, నేను ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి, అనేవారు. ఎందుకలా అంటారో ఎప్పుడూ అడగలేదు. నవ్వులాటలకి కారణాలు అడిగే తీరిక ఉండేది కాదు.

జడలు నేనే వేశాను. పొద్దున్నే, నిలబడి, రెండు చేతులూ వాటి పని అవి చేస్తుంటే కళ్ళు గోడ గడియారం మీదో, బల్లమీద దిద్దని పేపర్ల మీదో. బిగించి లాగితే అది కుయ్యిమనేది కాదు, మెడ గట్టిగా పెట్టేది. ఇద్దరం ఒకే బడికి, వేరు వేరుగా వెళ్ళేవాళ్ళం. గేటు దాటాక అమ్మ లేదు, టీచరే, అని మొదటిరోజే చెప్పాను, అదీ ఒప్పుకుంది. మొదటి బెంచీ, కుడి చివర. ఆ ఏళ్ళన్నిట్లో దాన్ని లేపి ఒక్క ప్రశ్న అడగలేదు, జవాబు చెబితే ఇంట్లో నేర్పానంటారు. దానివైపు చూడలేదు కూడా, పాఠం చెప్పేటప్పుడు నా చూపు మొదటి బెంచీ పైనుంచి వెళ్ళి చివరి బెంచీ మీద ఆగేది. అరమార్కు ఇవ్వదగిన చోట దానికి సున్నా వేశాను. హెడ్మాస్టరు మీటింగులో నా పేరు చెప్పి, న్యాయం అంటే అదీ, అన్నారు. ఒకసారి చార్టు తగిలించడానికి స్టూలెక్కి జారిపడ్డాను, బోర్డు చట్రం అంచు తల వెనక కొట్టుకుంది, క్లాసంతా గొల్లున నవ్వింది. అదొక్కతే అమ్మా అంటూ పరిగెత్తుకొచ్చింది. నీ చోటుకి వెళ్ళి కూర్చో, అన్నాను. వెళ్ళింది. చేతిరుమాలు నెత్తికి అదుముకుని బోర్డువైపు తిరిగి ఆ లెక్క పూర్తిచేశాను, ఆ లెక్క ఇప్పటికీ గుర్తుంది, నీళ్ళ తొట్టి, రెండు గొట్టాలు, ఒకటి నింపుతుంది, ఒకటి ఖాళీ చేస్తుంది. కుట్లు సాయంత్రం వేయించుకున్నాను.

గంట మోగింది. మావారు తలుపు తీశారు. గుండు చెప్పులు బయట విప్పి, అట్టపెట్టె చంకలో పెట్టుకుని లోపలికొచ్చాడు, నెత్తిమీద చెమట మెరుస్తోంది. బల్లకిందికి దూరబోతూ తెర చూసి ఆగాడు, చూస్తూ చూస్తూ నేలమీద గొంతుక్కూర్చున్నాడు.

"అరె, పాత తల. అప్‌డేట్ కానివ్వలేదా ఆంటీ?"

"వైరు తీయించాను."

"మంచిపని చేశారు. దీన్ని మార్చింది నేనేనండీ. జనం తిట్లు పడలేక పైవాళ్ళు మార్చెయ్యమన్నారు. తనుండుంటే నాకు లేని జుట్టు కూడా పీకేది."

ఇదే సమయం అనుకున్నాను. వాక్యం గొంతులో నిలబడి ఉంది. దానికి కాస్త దారి వెయ్యాలని, "ఈ తల మా అమ్మాయిది కదా బాబూ, అందుకని..." అన్నాను.

గుండు నావైపు తిరిగి నవ్వాడు, ఎంతో ప్రేమగా. నాకు మంచి కబురే చెబుతున్నాననుకున్నాడు.

"కాదాంటీ, మీది. మీకు తెలీదా?"

తెర వంక చూశాను.

"తనకి ఒక్కటే సుడండీ. ముందు తన తలే స్కాన్ చేశాం, ఆఫీసులో అంత జడ ఇంకెవరికీ లేదుగా. రెండ్రోజులు చూసి చెరిపేసింది. నా తల వెనక ఎలా ఉంటుందో నాకేం తెలుసు గుండన్నా, నాకు కంఠతా వచ్చిన తల ఒక్కటే ఉంది, అంది. ఫొటో కూడా పెట్టుకోలేదు, కళ్ళు మూసుకుని చేసినట్టు చేసింది. మొదటి బెంచీలో అన్నేళ్ళు కూర్చున్నాను, మా అమ్మ ఒక్కసారి నావైపు తిరిగితే ఒట్టు, అనేది. నవ్వుతూనే అనేదిలెండి."

"నవ్వుతూనే," అన్నాను.

"ఆ, మా టీమ్‌లో అదో జోకు. పని తెమలకపోతే, టీచరమ్మ తిరగదు గానీ కానివ్వండ్రా, అనుకునేవాళ్ళం." వేలితో తెరమీద ఎడమ సుడి పక్కన చూపించాడు. "ఇదిగో, ఈ దెబ్బ కూడా వదల్లేదు. స్టూలు మీంచి పడ్డారట కదా."

నా చెయ్యి దానంతటదే తల వెనక్కి వెళ్ళింది. జుట్టు నిక్కిన చోటు, దువ్వెన ఆగే చోటు, దాని ఎడమపక్కన గింజంత నున్నటి చర్మం. వేళ్ళు అబద్ధం చెప్పలేదు. ఎవరి తలో చెప్పలేదు, అంతే. ఇన్నాళ్ళూ గడ్డిలో నేను నడిపించింది నన్ను. తోడేళ్ళ నోట్లోకి రోజూ తోసింది నన్ను. ఎలక కొరికింది నా నెత్తి, రెండు పెళ్ళిళ్ళు చెయ్యాల్సింది నాకు, చెవులు మెలిపెట్టాలనుకున్న ఆ కుర్రవాళ్ళు నవ్వింది నన్ను చూసి. మా అమ్మాయిది కవర్లో వేసి పారేశారు. ఎన్ని సుడులున్నాయో నాకు తెలియని తల అది. గుమ్మంలో మావారు మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు, ఆయన ముఖంలో ఆశ్చర్యం లేదు.

"మీకు తెలుసా?" అన్నాను.

"వైరు పీకిన రోజే."

"చెప్పరేం?"

"సగం చెప్పానుగా. మిగతా సగం చెప్పనిచ్చావా?" గ్లాసు గుండుకి ఇచ్చారు. "నీ వెనక ఎన్నేళ్ళు పడుకున్నానే."

గుండు గ్లాసు చేతిలో పట్టుకుని, అనకూడనిది ఏమన్నాడో తెలియక ఆయనవైపూ నావైపూ చూశాడు. నీళ్ళు తాగి, వైర్లు ఒక్కొక్కటే ఊడబెరకడం మొదలెట్టాడు, ముందు స్పీకరు, తరవాత ప్రింటరు. తెర వైరు దగ్గరికొచ్చి ఆగాడు.

"ఏదో అడగాలన్నారు ఆంటీ, ఫోన్లో."

వాక్యం అలాగే ఉంది, తప్పుల్లేకుండా, ఎవరికీ అక్కర్లేకుండా. "ఏం లేదు బాబూ," అన్నాను. "ఒక్క నిమిషం ఆగు."

మౌస్ మీద చెయ్యి వేశాను. ఇన్నాళ్ళలో మొదటిసారి దాన్ని మెల్లిగా పక్కకి జరిపాను. గడ్డి తిరిగింది, వాగు తిరిగింది, రెండు సుడులు పక్కకి జరిగి చెవి వెనక్కి వెళ్ళిపోయాయి, చెంప వచ్చింది, ముక్కు వచ్చింది, ఆ పిల్ల నాకెదురుగా నిలబడింది. కళ్ళు నామీద లేవు. నా తలకి కాస్త పైనుంచి వెళ్ళి, నా వెనక ఎక్కడో, అక్కడ చివరి బెంచీ ఏదో ఉన్నట్టు, దానిమీద ఆగాయి. ఆ చూపు నాకు తెలుసు. మౌస్ కొంచెం పైకి జరిపాను, కిందికి జరిపాను. ఎక్కడినుంచి చూసినా నన్ను దాటే చూస్తోంది. గాలికి ఆ జుట్టు మాత్రం భుజం మీదుగా ముందుకి వచ్చి, పడి, ఆగింది, ఒక్కో వెంట్రుకా విడివిడిగా, ఎంత ఓపిగ్గా చేసిందో. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను. ఫ్యాను హోరుమంటోంది. మా అమ్మాయి ఎక్కడ కూర్చుని ఉండేదో, అక్కడినుంచి ఎలా ఉండేదో, ఇంకాసేపు చూశాను.

"కట్టెయ్యనా ఆంటీ?" అన్నాడు గుండు, నా వెనకనుంచి.

నేను తిరగలేదు. "కట్టెయ్యి," అన్నాను.